చెక్క సామానుకు నూనె పూత: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

మా నానీ పెళ్లికి ఇచ్చిన టేకు సందూక ఒకటి మా ఇంట్లో ఉంది. ఇత్తడి బందులు, లోపల రెండు అరలు, మూత మీద చిన్న చెక్కుడు పని ఉన్నాయి. నాకు ఇరవై రెండేళ్ల వయసులో, చెల్లెలి పెళ్లికి నెల రోజుల ముందు, దాన్ని మెరిపించాలని బుద్ధి పుట్టింది. హార్డ్‌వేర్ దుకాణంలో అవిసె నూనె డబ్బా కొని, బ్రష్‌తో దిట్టంగా పూసి, "ఎంత ఎక్కువ పూస్తే అంత మెరుస్తుంది" అనుకుని అలాగే వదిలేశాను. మర్నాడు అంటుకుంటోంది. వారానికీ అంటుకుంటోంది. దుమ్ము, దూది పోగులు, చీమలు అన్నీ దాని మీదే. పెళ్లిలో ఎవరో దాని మీద పెట్టిన కొత్త దుపట్టాకు జిడ్డు మరక పడింది.

అమ్మీ కబురు పెడితే మా వీధి వడ్రంగి మేస్త్రీ వచ్చారు. సందూక మీద వేలు పెట్టి చూసి, "బాబూ, నూనె పూయడం తప్పు కాదు. తుడవకపోవడం తప్పు" అన్నారు. రెండు రోజులు నా చేతే పని చేయించి దాన్ని దారికి తెచ్చారు. ఆ తరువాత చాలా ఏళ్లుగా ఇంట్లో బల్లలు, పీటలు, తలుపులు నేనే నూనె పూసి చూసుకుంటున్నాను. ఆ అనుభవంలో తేలిన విషయాలు, ఈ పని వెనుక ఉన్న కారణాలు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పని కష్టమైనది కాదు, ఖర్చు కూడా తక్కువే. కానీ ఒక్క విషయంలో అజాగ్రత్త పనికిరాదు. అది నూనె గుడ్డల సంగతి. దానికి విడిగా ఒక భాగం కేటాయించాను. మిగిలినది చదవకపోయినా ఆ భాగం తప్పక చదవాలని మనవి.

నూనె పూత అంటే ఏమిటి?

చెక్కను కాపాడే పూతలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం చెక్క పైన పొరలా నిలబడుతుంది. వార్నిష్, పెయింటు, లక్క పాలిష్ ఈ జాతివి. ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పైన నున్నటి పొరగా పరుచుకుంటుంది. రెండో రకం చెక్క లోపలికి ఇంకి అక్కడే గట్టిపడుతుంది. నూనె పూత ఈ రెండో రకం.

పైపొర పూతకు మెరుపు ఎక్కువ, నీటిని ఆపే శక్తి ఎక్కువ. కానీ ఒకచోట పెచ్చు లేస్తే అక్కడ మాత్రమే అతుకు వేయడం కష్టం. చాలాసార్లు మొత్తం గీకి మళ్లీ వేయాలి. నూనె పూతకు అద్దం లాంటి మెరుపు రాదు. చెక్క చారలు, రంగు నిండుగా కనబడతాయి, చేత్తో తడిమితే చెక్క స్పర్శే తెలుస్తుంది. గీత పడితే ఆ చోట మాత్రమే రుద్ది కాస్త నూనె పూస్తే సరిపోతుంది. ఇంట్లో మన చేతులతో చేసుకోవడానికి ఇది అనువైనది అనడానికి కారణం ఇదే.

ఏ నూనె అయినా పనికి వస్తుందా?

రాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. వంటింట్లో ఉన్న కొబ్బరి నూనో, వేరుశనగ నూనో పూస్తారు. రెండు రోజులు బాగానే ఉంటుంది. తరువాత జిడ్డు, ఆపైన పాచి వాసన.

నూనెల్లో ఆరే నూనెలు, ఆరని నూనెలు అని తేడా ఉంది. ఆరే నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా ముడిపడి గట్టి పదార్థంగా మారుతుంది. అందుకే ఆరిన అవిసె నూనె బరువు తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా. ఇలా ముడిపడే గుణాన్ని అంచనా వేయడానికి అయోడిన్ విలువ అనే కొలత వాడతారు. అవిసె నూనెకు అది సుమారు 170 నుంచి 200 వరకు ఉంటుంది. వేరుశనగ నూనెకు 85 నుంచి 105 వరకు. కొబ్బరి నూనెకు 10 దరిదాపుల్లోనే. అందుకే కొబ్బరి నూనె ఎన్నాళ్లు ఉంచినా గట్టిపడదు. పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెలు మధ్య రకం. చెక్క పనికి నమ్మదగినవి కావు.

చెక్కకు పనికి వచ్చేవి ఇవి:

1. అవిసె నూనె. ఉర్దూలో అల్సీ నూనె అంటాం. ఇక్కడ అవిసె అంటే కూరకు ఆకులు, పూలు కోసుకునే అవిసె చెట్టు కాదు. లడ్డూల్లో, పొడుల్లో వాడే గోధుమ రంగు అవిసె గింజలు. నార బట్ట, అంటే లినెన్, ఇచ్చేది కూడా ఈ మొక్కే. చిత్రకారుల ఆయిల్ పెయింట్లకు ఆధారం ఈ నూనే. ఇది పచ్చి నూనెగా, బాయిల్డ్ నూనెగా రెండు రకాలుగా దొరుకుతుంది. పచ్చి నూనె ఒక పూత ఆరడానికి చాలా రోజులు పడుతుంది. బాయిల్డ్ అని అమ్మేదానిలో త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు వంటి లోహాల లవణాలు కలుపుతారు. అది మామూలు వాతావరణంలో ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. పేరు చూసి పచ్చి నూనెను ఇంట్లో పొయ్యి మీద మరిగిస్తే బాయిల్డ్ నూనె కాదు. మంటలు లేచే ప్రమాదం మాత్రం ఉంది. ఆ పని ఎప్పుడూ చేయవద్దు.

2. టంగ్ నూనె. చైనాలో పుట్టిన ఒక చెట్టు గింజల నుంచి తీస్తారు. అవిసె నూనె కంటే నీటిని బాగా తట్టుకుంటుంది, పసుపు రంగుకు తక్కువగా తిరుగుతుంది. ధర ఎక్కువ.

3. అక్రోట్ నూనె. ఇది కూడా ఆరే నూనె. కానీ అక్రోట్ పడనివాళ్లు ఇంట్లో ఉంటే వంట సామాగ్రికి వాడకండి.

4. టీక్ ఆయిల్, డేనిష్ ఆయిల్ అనే పేర్లతో అమ్మేవి. టీక్ ఆయిల్ టేకు చెట్టు నుంచి తీసినది కాదు. సాధారణంగా ఇవి ఆరే నూనె, కొంత వార్నిష్, పలచన చేసే ద్రావకం కలిపిన మిశ్రమాలు. పని సులువు, త్వరగా ఆరుతాయి. డబ్బా మీద రాసిన సమయాలను పాటించాలి.

ఏ సామానుకు పూయవచ్చు, దేనికి కూడదు?

టేకు, నల్లమద్ది, వేప, మామిడి, తుమ్మ, జిట్రేగి వంటి గట్టి చెక్కలన్నిటికీ నూనె పూత నప్పుతుంది. బల్లలు, కుర్చీలు, మంచం పట్టెలు, పీటలు, ఊయల బల్ల, తలుపు లోపలి ముఖం, అద్దాల చట్రాలు అన్నీ పూయవచ్చు.

మైకా అంటించిన బల్లలకు, పెయింటు లేదా వార్నిష్ పొర ఉన్న చెక్కకు నూనె ఇంకదు. పైనే జిడ్డుగా నిలుస్తుంది. మీ సామాను మీద పొర ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక నీటి చుక్క వేయండి. కాసేపటికి చెక్క తడిసి నల్లబడితే పొర లేదు, నూనె ఇంకుతుంది. చుక్క అలాగే గుండ్రంగా నిలిచి ఉంటే పొర ఉంది, దాన్ని తీయాలి.

బీరువా, సందూక, సొరుగుల లోపలి వైపు నూనె పూయకండి. గాలి ఆడని చోట నూనె ఆరడం ఆలస్యమవుతుంది, వాసన పోదు, బట్టలకు మరకలు పడతాయి. పైగా అవిసె నూనె చీకట్లో మరింత పసుపెక్కుతుంది. లోపలి భాగాన్ని ఉత్త చెక్కగానే ఉంచడం మేలు.

మరో మాట. నూనె పూత చెదలను, పుచ్చు పురుగును ఆపదు. చెదలు ఉన్న చెక్కకు ముందు ఆ వైద్యం జరగాలి.

పాత పెయింటు గీకే ముందు

పాత తలుపులకు, కిటికీలకు ఉన్న పెయింటు గీకి నూనె పూయాలని చాలామందికి ఉంటుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది. పాతకాలపు పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పి.పి.ఎం. మించరాదనే నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పెయింటును పొడిగా రుద్దితే సీసం కలిసిన దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, గర్భిణులకూ హానికరం. కాబట్టి పాత రంగు తలుపును ఇంట్లో పొడిగా రుద్దవద్దు. పెయింటు తీసే ద్రావణం పూసి, మెత్తబడ్డాక తడిగా ఉండగానే గీకాలి. పిల్లలను ఆ రోజు దూరంగా ఉంచాలి. గీకిన పెచ్చులను పాత కాగితంలో పోగుచేసి పారవేయాలి, నేలను తడి గుడ్డతో తుడవాలి. తలుపులు ఎక్కువ ఉంటే అనుభవం ఉన్న పనివారికి అప్పగించడమే మంచిది.

కావలసిన వస్తువులు

ఆరే నూనె, పలచన చేయడానికి టర్పెంటైన్, గరుకు కాగితం, అంటే శాండ్ పేపర్, 120, 180, 220, 320 నంబర్లవి, నూగు రాలని పాత నూలు గుడ్డలు (పాత లుంగీ, బనియన్ బాగా పనికి వస్తాయి), చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, నీళ్లు పోసిన, మూత ఉన్న ఒక రేకు డబ్బా. చివరిది మరిచిపోకండి. అది ఎందుకో ముందు చెబుతాను.

నూనె ఎంత కావాలి? మామూలుగా లీటరు నూనె ఒక పూతకు 10 నుంచి 12 చదరపు మీటర్ల వరకు వస్తుందని లెక్క వేసుకోవచ్చు. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న బల్ల పైభాగం 8 చదరపు అడుగులు, అంటే సుమారు 0.74 చదరపు మీటరు. ఒక పూతకు 60 నుంచి 75 మిల్లీలీటర్లు. మూడు పూతలకు పావు లీటరు కొంటే చాలు. మామిడి వంటి మెత్తటి చెక్క కొంచెం ఎక్కువ తాగుతుంది.

చెక్కను సిద్ధం చేయడం

పూత అందం సగం ఈ దశ మీదే ఆధారపడి ఉంటుంది. నూనె తప్పులను కప్పదు, పైకి చూపిస్తుంది. ఎండు చెక్కలో కనబడని గీత నూనె పడగానే నల్లగా తేలుతుంది.

1. సామానును కొద్దిగా సబ్బు కలిపిన నీటితో, పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్న చెక్క నూనె తాగదు.

2. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 180, ఆ తరువాత 220తో రుద్దాలి. ఎప్పుడూ చెక్క చారల వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. ఒక చెక్క ముక్కకు కాగితం చుట్టి పట్టుకుంటే ఒత్తిడి సమానంగా పడుతుంది. టేకు, జిట్రేగి దుమ్ము కొందరికి చర్మం మీద దురద, దగ్గు తెప్పిస్తుంది, మాస్కు తీయవద్దు.

3. 220తో రుద్దడం అయ్యాక తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి. చెక్క నార కాస్త లేచి గరుకు తేలుతుంది. ఆరాక మళ్లీ 220తో తేలికగా రుద్దండి. ఈ చిన్న పని చేస్తే తరువాత నీళ్లు ఒలికినప్పుడు గరుకు లేవదు.

4. దుమ్మును బ్రష్‌తో, పొడి గుడ్డతో పూర్తిగా తీసేయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి, దాన్ని టర్పెంటైన్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరాక పని మొదలుపెట్టాలి.

పూత వేసే క్రమం

కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గరలో పొయ్యి, అగరువత్తి, సిగరెట్టు ఉండకూడదు. టర్పెంటైన్ ఆవిరి తేలికగా అంటుకుంటుంది. వానాకాలంలో, కోస్తా ఊళ్లలో ఉక్క ఎక్కువ ఉన్న రోజుల్లో పూత ఆరడం చాలా ఆలస్యమవుతుంది. పొడి రోజులు చూసుకుని పొద్దుటి పూట మొదలుపెట్టడం మంచిది. మండుటెండలో పెట్టి పూయకూడదు.

మొదటి పూత: నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలపండి. పలచగా ఉంటే లోతుగా ఇంకుతుంది. గుడ్డ ముద్దను అందులో ముంచి చెక్క అంతటా తడి కనిపించేలా రాయండి. పది పదిహేను నిమిషాల్లో కొన్ని చోట్ల తాగేసి పొడిగా కనబడుతుంది. అక్కడ ఇంకాస్త రాయండి. చెక్కను అడ్డంగా కోసిన కొనలు మిగతా చోట్ల కంటే ఎక్కువ తాగుతాయి. వాటికి రెండు మూడుసార్లు రాయాలి. ఇరవై నిమిషాలు గడిచాక పొడి గుడ్డ తీసుకుని పైన మిగిలిన నూనె అంతా తుడిచేయండి. చేయి ఆనిస్తే తడి తగలకూడదు. నేను సందూక విషయంలో చేయనిది ఈ ఒక్క పనే.

తుడిచాక గంట ఆగి మళ్లీ చూడండి. చెక్క సూక్ష్మ రంధ్రాల్లోంచి చుక్కలు చుక్కలుగా నూనె పైకి వస్తుంది. దాన్ని కూడా తుడవాలి. అలాగే వదిలేస్తే అవి మెరిసే బొబ్బల్లా గట్టిపడతాయి.

రెండో పూత: బాయిల్డ్ నూనె అయితే ఒకటి రెండు రోజులు, పచ్చి నూనె అయితే కనీసం మూడు నాలుగు రోజులు, అవసరమైతే వారం ఆగాలి. గోరుతో తాకితే అంటుకోకపోతే సిద్ధమైనట్టు. 320 కాగితంతో తేలికగా ఒకసారి రుద్ది, దుమ్ము తీసి, ఈసారి టర్పెంటైన్ పాలు తగ్గించి (మూడు పాళ్లు నూనెకు ఒక పాలు) పూయండి. మళ్లీ పావుగంట ఆగి తుడవండి.

మూడో పూత: టర్పెంటైన్ కలపకుండా ఉత్త నూనె, చాలా కొద్దిగా. గుడ్డకు నూనె అద్ది చెక్కకు రుద్దినట్టు పూసి వెంటనే తుడవాలి. మామూలు సామానుకు మూడు చాలు. ఎక్కువ వాడే భోజన బల్లకు నాలుగైదు పూయవచ్చు. పూతలు పెరిగే కొద్దీ ప్రతి పూతా పలచగా ఉండాలి.

తాకితే ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కాలంలో వేడి గిన్నెలు పెట్టడం, తడి గుడ్డ వదిలేయడం, బట్టలు పేర్చడం చేయకూడదు. పెళ్లి, పండుగ ముందు పని పెట్టుకునేవారు కనీసం నెలన్నర ముందే మొదలుపెట్టాలి.

నూనె గుడ్డలు: తప్పక చదవండి

మేస్త్రీ గారు ఆ రోజు సందూక చూశాక, "నూనె తుడిచిన గుడ్డలు ఎక్కడ?" అని అడిగారు. దుప్పటాకు మరక పడ్డాక నేను పైన తుడిచిన గుడ్డలు ఉండచుట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి వరండాలో పాత వార్తాపత్రికల పక్కన పడేశాను. ఆయన కవరు విప్పి నా చేయి పట్టుకుని లోపల పెట్టించారు. గుడ్డల మధ్యలో వెచ్చగా ఉంది. ఎండ తగిలే చోటు కాదు, నిప్పు లేదు. అయినా వెచ్చగా ఉంది. ఆయన మాట్లాడకుండా ఆ గుడ్డలను నీళ్ల బకెట్‌లో ముంచారు.

కారణం పైన చెప్పినదే. ఆరే నూనె ఆక్సిజన్‌ను పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. బల్ల మీద పలచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, మనకు తెలియదు. అదే నూనె ముద్దగా చుట్టిన గుడ్డలో ఉంటే, పోగు పోగుకూ గాలి తగులుతుంది కానీ వేడి బయటికి పోదు. వేడి పెరిగితే చర్య ఇంకా వేగమవుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. కొన్ని గంటల్లో అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనంలో 1991 ఫిబ్రవరి 23 రాత్రి మంటలు లేచాయి. 22వ అంతస్తులో చెక్క పలకలకు మెరుగు పెట్టే పనివారు వదిలి వెళ్లిన అవిసె నూనె గుడ్డలు వాటంతట అవే అంటుకోవడం అందుకు కారణమని విచారణలో తేలింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. అంతస్తు తరువాత అంతస్తు కాలుతూ పోయిన మంట, నీరు చిమ్మే స్ప్రింక్లర్లు ఉన్న 30వ అంతస్తుకు చేరాకే ఆగింది. అంత పెద్ద భవనానికి ఎసరు పెట్టింది గుప్పెడు గుడ్డలు.

కాబట్టి ఈ నియమాలు పాటించండి:

1. నూనె గుడ్డలను ఎప్పుడూ ఉండచుట్టి పెట్టకూడదు. చెత్తబుట్టలో, ప్లాస్టిక్ కవరులో, మంచం కింద, గోనె సంచిలో పడేయకూడదు.

2. పని ముగిసిన వెంటనే వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో పూర్తిగా ముంచి మూత పెట్టాలి. లేదా ఇంటి బయట, మంట అంటుకునే వస్తువులు లేని చోట, సిమెంటు నేల మీద ఒక్కొక్క గుడ్డను మడత లేకుండా పరిచి, గట్టి అట్టలా బిరుసెక్కే వరకు ఆరనివ్వాలి. అలా పూర్తిగా ఆరాక పారవేయవచ్చు.

3. గుడ్డలను ఉతికి మళ్లీ వాడదామని బట్టల కుప్పలోనో, వాషింగ్ మెషీన్‌లోనో వేయకూడదు.

4. నూనె అంటిన రుద్దుడు పొడి, గరుకు కాగితం ముక్కలు కూడా కుప్పగా ఉంచకూడదు.

5. ఇంట్లో పని చేసే పెద్దవాళ్లకు, పనిమనిషికి, పిల్లలకు ఈ విషయం చెప్పి ఉంచాలి. మీరు ఆరబెట్టిన గుడ్డలను మంచి మనసుతో ఎవరో పోగుచేసి మూల పడేయవచ్చు.

వంటింటి చెక్క సామాను

కూరగాయలు కోసే చెక్క, చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు తిండికి తగిలేవి. వీటికి బాయిల్డ్ అవిసె నూనె, టీక్ ఆయిల్ వాడకండి. అందులో కలిపే లోహ లవణాలు, ద్రావకాలు తిండి సామాగ్రి కోసం ఉద్దేశించినవి కావు. వంట నూనె పూస్తే పాచి వాసన వస్తుంది.

మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ ఇందుకు మంచిది. ఇది ఆరదు, కానీ చెడిపోదు, వాసన రాదు. శుభ్రమైన పొడి చెక్కకు ధారాళంగా పూసి, రాత్రంతా ఉంచి, పొద్దున తుడవాలి. మొదటి వారంలో రెండు మూడుసార్లు, తరువాత నెలకు ఒకసారి, చెక్క తెల్లబారి పొడిగా కనబడినప్పుడల్లా పూయాలి. ఇంకాస్త నిలబడాలంటే, తూకంలో నాలుగు పాళ్ల లిక్విడ్ పారఫిన్‌కు ఒక పాలు తేనెమైనం కలపవచ్చు. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా, వేడి నీళ్లున్న మరో గిన్నెలో ఉంచి కరిగించాలి. చల్లారాక ముద్దగా అయ్యే ఆ మైనాన్ని గుడ్డతో రుద్ది, మిగులు తుడవాలి. చెక్క సామానును నీళ్లలో నానబెట్టకండి. కడిగిన వెంటనే నిలబెట్టి ఆరబెట్టండి.

సాధారణంగా వచ్చే తప్పులు, వాటి దిద్దుబాటు

అంటుకుంటోంది: నూనె ఎక్కువైంది, తుడవలేదు. గుడ్డకు టర్పెంటైన్ అద్ది, సన్నని స్టీల్ ఊల్‌తో చారల వెంబడి రుద్ది, మెత్తబడిన జిగురును తుడిచేయాలి. ఒక్కసారితో పోకపోతే మళ్లీ చేయాలి. మా సందూకకు రెండు రోజులు పట్టింది ఇందుకే. పూర్తిగా గట్టిపడి ముడతలు తేలితే గరుకు కాగితంతో తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

మచ్చలు మచ్చలుగా ఉంది: రుద్దడం సమానంగా లేదు, లేదా పాత పొర కొంత మిగిలింది. ఆ చోట్లు రుద్ది మళ్లీ పూయాలి.

నీటి మరకలు, తెల్లటి ఉంగరాలు: పూత ఇంకా గట్టిపడక ముందు గ్లాసు పెట్టారు. ఆరాక 320 కాగితంతో ఆ చోట రుద్ది ఒక పూత వేస్తే పోతుంది.

బూజు: గాలి ఆడని చెమ్మ గదుల్లో పచ్చి అవిసె నూనె పూసిన చెక్కకు బూజు పట్టే అవకాశం ఉంది. తుడిచి, ఎండపొడ తగిలే గాలి చోట పూర్తిగా ఆరబెట్టాలి. ఇలాంటి గదుల్లో సామానుకు టంగ్ నూనె లేదా డేనిష్ ఆయిల్ మేలు.

ఏడాదికోసారి

నూనె పూత ఒకసారి వేసి మరిచిపోయేది కాదు. వాడకాన్ని బట్టి ఏడాదికి ఒకసారి దుమ్ము తుడిచి, తేలికగా రుద్ది, ఒక పలచటి పూత వేయాలి. ఎప్పుడు వేయాలో నీటి చుక్కే చెబుతుంది. చుక్క గుండ్రంగా నిలిస్తే పూత బాగుంది. వెంటనే పరుచుకుని చెక్క నల్లబడితే పూత వేళ అయింది. మధ్య కాలంలో పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

కొత్తగా ఈ పని నేర్చుకునేవారు పెద్దల జ్ఞాపకం ఉన్న వస్తువుతో మొదలుపెట్టకండి. ముందు ఒక చిన్న పీట తీసుకోండి. అది పాడైనా పరవాలేదు, నేర్చుకున్నది మిగులుతుంది. మొదటి పూతను ఎప్పుడూ సామాను కింది వైపు, కంటికి ఆనని చోట పరీక్షించి చూడండి; రంగు ఎంత ముదురుతుందో అక్కడే తెలుస్తుంది.

మా సందూక ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంది. ఏడాదికోసారి నేను వెళ్లి ఒక పూత వేసి వస్తాను. మా మేనల్లుడు గుడ్డ పట్టుకుని పక్కనే కూర్చుంటాడు. పని అయ్యాక ఎవరూ చెప్పకుండానే గుడ్డలు తీసుకెళ్లి నీళ్ల డబ్బాలో వేసి మూత పెడతాడు.